పత్తికట్టె గుచ్చుకుందట

ఇచ్చోడ,
జనవరి 1965

ఇబ్రాహీం భాయ్‌కి రామచంద్రం సలాం.

ఈ ఉత్తరం పూర్తిగా చదివి, ఆ తర్వాతే పిల్లను చూడు. నీ సంగతి నాకు తెలుసు. మనిషిని చూడగానే నీకు కోపం వస్తుంది, కోపం వచ్చాక చెవులు పనిచేయవు. మెట్‌పల్లి బడిలో పక్కపక్కన కూర్చున్ననాటి నుంచీ ఇదే కథ. డాక్టరువయ్యాక ఏమన్నా తగ్గిందేమో అనుకున్నాను, పోయిన బక్రీదుకు వచ్చినప్పుడు చూశానుగా.

పిల్ల పేరు మల్లక్క. పద్నాలుగేళ్ళు. మా బడిలో ఏడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఈమె ఒక్కతే. మార్చిలో పరీక్ష. పాసైతే ఆదిలాబాద్‌లో హాస్టల్లో ఉంచి చదివిద్దామని ఏడాది పొడుగునా బతిమాలి వాళ్ళ నాన్నను ఒప్పించాను. నీ ఎదుట చేతులు కట్టుకొని నిలబడి ఉంటాడే, ఆయనే మొండయ్య. బండి తోలుతాడు. ఈ కాలంలో ఊళ్ళ మీది పత్తిని మిల్లుకు చేరవేస్తాడు. పక్కనున్న ముసలామె ఆయన తల్లి పోచవ్వ. పిల్లకు తల్లి లేదు. పోచవ్వే పెంచింది కాబట్టి పిల్ల ఆమెనే అవ్వ అంటుంది.

చేనులో వంగినప్పుడు ఎండిన పత్తికట్టె ఎడమ కంట్లో గుచ్చుకుందట. మొండయ్య చెప్పాడు. నల్లగుడ్డు అంచున నువ్వుగింజంత నలుసు అంటుకొని ఉంది, నేనూ చూశాను. మా దగ్గర ఎల్లక్క అని ఒకామె ఉంది. కంట్లో ఏం పడ్డా నాలుక కొనతో తీస్తుంది. నా కంట్లో వరిపొట్టు పడితే ఆమే తీసింది. ఈ నలుసు మాత్రం ఆమెకు లొంగలేదు, సగం వచ్చి ఆగిందట. అప్పటి నుంచి నొప్పి ఎక్కువైంది, చూపు మసకైంది.

ఆ నలుసు తీసి, మందేసి పంపు. అంత దూరం అంటే ముసలామె భయపడింది. "కరీంనగర్ల నా దోస్తు ఉన్నడు, పెద్ద కండ్ల డాక్టరు, ఫికర్ చెయ్యకు" అని ధైర్యం చెప్పి బస్సెక్కించాను. తోడుగా మా ఊరి లక్ష్మీరాజాన్ని పంపుతున్నాను. నా మాట నిలబెట్టు.

నీ
రామచంద్రం


కరీంనగర్,
జనవరి నెలాఖరు

రామచంద్రం,

నువ్వు చెప్పినట్టే ఉత్తరం పూర్తిగా చదివి పిల్లను చూశాను. చదవకుండా చూసి ఉంటే నీ మీద ఇంత కోపం వచ్చేది కాదు.

అది నలుసు కాదు. బడిపంతులువి కదా, విను, విని నీ తరగతిలో కూడా చెప్పు. కంటి ముందర గాజులాంటి పొర ఒకటి ఉంటుంది. దాని వెనక పల్చటి నల్లతెర ఉంటుంది. పైపొరకు చిల్లు పడితే లోపలి నీరు బయటికి తోసుకొస్తుంది. దాని వెంట ఆ తెర కూడా జారి చిల్లులో ఇరుక్కుంటుంది. పైకి నల్లచుక్కలా కనిపించేది అదే. కన్ను తన చిల్లుకు తానే పెట్టుకున్న బిరడా అది. మీ ఎల్లక్క ఆ బిరడాను పట్టి లాగింది. సగం వచ్చి ఆగిందని రాశావు. ఆగదా మరి, రెండో కొస పిల్ల కంట్లోనే ఉంది. లాగేసరికి లోపలున్నదంతా దాని వెంట వచ్చింది. నువ్వూ చూశానని రాశావే, చూసి నలుసనుకున్నావు. బీయే చదివావు.

దెబ్బ తగిలిన రోజే, ఎవరూ ముట్టకుండా, పైన శుభ్రమైన గుడ్డ కట్టి తెచ్చి ఉంటే కుట్టు వేసి కొంత చూపైనా నిలబెట్టేవాణ్ణి. ఇప్పుడు ఆ కంటి ముందు దీపం పెట్టినా తెలియడం లేదు.

అసలు భయం అది కూడా కాదు. ఇలా చిల్లుపడి చెడిన కన్నును అట్లాగే వదిలేస్తే, కొందరికి రెండో కన్ను కూడా చెడుతుంది. ఏ దెబ్బా తగలని కన్ను. ఎందుకో మా పుస్తకాలు కూడా సరిగ్గా చెప్పవు. రెండు వారాల లోపల చెడ్డకన్ను తీసేస్తే మంచికన్ను దక్కుతుందని మాత్రం చెప్తాయి. అందులో దాదాపు సగం మీ ఊళ్ళోనే గడిచిపోయింది. ఇదంతా మొండయ్యకు విడమరిచి చెప్పాను. తలూపాడు. నేను మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి మరీ పోయారు.

ఇంకొకటి. అది పత్తికట్టె దెబ్బ కాదు. కట్టె గుచ్చుకుంటే గాయం పీలికలుగా ఉంటుంది, పుల్లముక్కలు మిగులుతాయి. ఇది నున్నగా, గుండ్రంగా, లోతుకు దిగింది. పత్తిబండ్లు మిల్లులకు కదిలే కాలంలో ఏటా ఇలాంటి కళ్ళు నా దగ్గరికి వస్తాయి. ముల్లుగర్ర నువ్వు రోజూ చూస్తావు, ఎడ్లను అదిలించే కర్ర, కొనకు ఇనుప మొల. ఎడ్లు తమంతట తాము నడుస్తున్నంతసేపు బండివాడు కర్రను భుజాన వేసుకుంటాడు, మొల వెనక్కి. ఎద్దు ఆగిందా, వెనక ఎవరున్నారో చూడకుండా కర్రను వెనక్కెత్తి విసురుతాడు. వెనక కూర్చునేది ఎవరు? పెళ్ళాం, పిల్లలు. వచ్చిన ప్రతివాడూ పత్తికట్టె అంటాడు, రేగుకంప అంటాడు. కర్ర పేరు ఒక్కడూ ఎత్తడు. నీ మొండయ్యను అడుగు.

వాళ్ళు ఎక్కడున్నా వెతికి పంపు. ఫికర్ చెయ్యొద్దని నా తరఫున నువ్వే మాటిచ్చావు. నిలబెట్టాలంటే నాకు పిల్ల కావాలి కదా.

ఇబ్రాహీం


ఇచ్చోడ,
ఫిబ్రవరి మొదటి వారం

ఇబ్రాహీం భాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయమేసింది. రెండోసారి ఒళ్ళు మండింది.

ముందు ఎల్లక్క సంగతి. పిల్లను మొదట తీసుకుపోయింది ఆమె దగ్గరికి కాదు. దెబ్బ తగిలిన పూటే మొండయ్య దారిలో ఉన్న ఒక దవాఖానకు తీసుకుపోయాడు. ఏ ఊరో రాయను, నువ్వు కొట్లాటకు పోతావు. డాక్టరు సెలవులో ఉన్నాడట. తెల్లకోటు వేసుకున్న ఒకాయన చూసి, "నలుసు వడ్డది" అని పుల్లకు దూది చుట్టి రుద్దాడు. రాకపోతే, "సోమవారం రాండ్రి" అన్నాడు. దవాఖానలో నలుసు అన్నాక మాకు అది నలుసు కాకుండా ఎట్లా పోతుంది? అక్కడ రాలేదనే ఎల్లక్క దగ్గరికి పోయారు. నాలుక మీద కోపం చూపడం సులువు భాయ్, కోటు మీద కూడా కొంచెం చూపు.

ఇక నువ్వు విడమరిచి చెప్పిన సంగతి. లక్ష్మీరాజం ఒక్కడే తిరిగొచ్చాడు. వాడి మాటల్లోనే రాస్తున్నాను: "డాక్టరుసాబ్ మంచం కాడ నిలవడి, కన్ను తీసెయ్యాలె, రేపు పొద్దుగాల, ఏం తినవెట్టకుండ్రి అన్నడు. గంతే. పక్క మంచం కాడికి పోయిండు. తోటల వంకాయ తెంపినట్టు జెప్పిండు సార్." ఎన్ని నిమిషాలు విడమరిచావు భాయ్?

వాళ్ళు ఇల్లు చేరలేదు. కొండగట్టు దగ్గర బస్సు దిగారు. దెబ్బ తగిలిన రోజే పోచవ్వ ఆంజనేయస్వామికి వెండి కళ్ళు మొక్కుకుంది. వాళ్ళ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ అంగం బాగుపడాలని మొక్కుతారో, మొక్కు తీరేదాకా దానికి ఇనుము తగలకూడదు. కత్తి కాదు కదా, సూది కూడా. వెండి కళ్ళు మెట్‌పల్లిలో వెండిపని చేసే అవుసులాయనకు చేయమని చెప్పారు. పున్నమినాడు సమర్పిస్తారు. అప్పటిదాకా గుట్టమీదే ఉంటారట.

నాకూ అది తెలివితక్కువగానే కనిపిస్తోంది. కానీ ఇచ్చోడలో కూర్చొని నేనేం చేయను? ఇన్‌స్పెక్టరు తనిఖీ పెట్టుకున్నాడు. కొండగట్టు నీకు బస్సులో గంట. నువ్వే పో. కోపం కరీంనగర్‌లో దించి పో.

మొండయ్యను మాత్రం అనకు. పదేళ్ళుగా చూస్తున్నాను. కూతురు చదువుకుంటానంటే ఊరంతా నవ్వినా పంపిన మనిషి. అబద్ధం ఆడడు.

రామచంద్రం


కరీంనగర్,
ఫిబ్రవరి 1965

రామచంద్రం భాయ్,

ఎన్ని నిమిషాలు అని అడిగావు. రెండు ఉంటాయేమో. ఆ రోజు బయట వరండాలో జనం బారులు తీరి ఉన్నారు. అది నీకు చెప్పుకునే సాకు, పోచవ్వకు చెప్పుకునేది కాదు. అందుకే ఆదివారం కొండగట్టుకు పోయాను.

సత్రం అరుగు పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద పోచవ్వ జొన్న గట్క వండుతోంది. నన్ను చూడగానే మొండయ్య లేచి నిలబడి నేల చూపులు చూశాడు. పోచవ్వ మాత్రం చేతికి నీళ్ళిచ్చి, "తుర్కాయనవైనా గుట్టెక్కి వచ్చినవ్. కూసో బిడ్డా, కాళ్ళు గుంజినయా?" అంది. నేను కూర్చున్నాను. ఈసారి నిజంగానే విడమరిచాను. బుట్టలో ఉల్లిగడ్డ ఒకటి మురిగితే పక్కది కూడా మురుగుతుంది కదా అవ్వా అని చెప్పాను.

ఆమె ఏమందో తెలుసా? "గది నాకెర్క లేదా బిడ్డా? నా బిడ్డ రెండో కన్ను గురించే నా ఫికర్ గూడ. మొక్కు మొక్కి తప్పితె ఆయన ఊకుంటడా? రెండో కన్ను గూడ తీస్కుంటడు. పున్నమి దాక జర ఆగు. ఎనుక నువ్వు ఏమన్న జేసుకో."

నేను భయపడేదీ ఆ కన్ను గురించే, ఆమె భయపడేదీ ఆ కన్ను గురించే. నేను కోయకపోతే పోతుందంటాను, ఆమె కోస్తే పోతుందంటుంది. పున్నమికి గడువు దాటిపోతుందని నేను వేళ్ళమీద లెక్కపెట్టి చూపిస్తే, దేవునికి గడువేంది అంది. అప్పుడు నేను అరిచాను. దాచను, గట్టిగానే అరిచాను. జనం పోగయ్యారు. తురక డాక్టరు దేవుని గుట్టమీదికొచ్చి ముసలిదాన్ని తిడుతున్నాడని ఒకడు చొక్కా పట్టుకున్నాడు. గుడి పూజారి వచ్చి విడిపించి తన అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆయన్ను అడిగాను, మీరొక్క మాట చెప్తే వింటుంది కదా అని. "ఎవరి మొక్కు వాళ్ళదే డాక్టరుగారూ. మొక్కినవాళ్ళు తీర్చాలె. మధ్యల నేను ఇడిపించేది కాదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా మండింది. అందరూ మర్యాదస్థులే, అందరూ పిల్ల బాగు కోరేవాళ్ళే, ఆ పిల్ల కన్ను మాత్రం రోజుకింత చెడుతోంది.

దిగేముందు మల్లక్క దగ్గర కూర్చున్నాను. "ఏం గుచ్చుకుంది బిడ్డా?" అని అడిగితే వాళ్ళ నాన్న వైపు చూసి, "పత్తికట్టె సార్" అంది, పాఠం అప్పజెప్పినట్టు. తర్వాత తనే అడిగింది, "సార్, పరీక్ష రాసెతందుకు ఒక్క కన్ను సాలుతదా?" చాలుతుంది, ఆ ఒక్కటి బాగుండాలి అన్నాను. మళ్ళీ, "నిన్నటిసంది ఎండ సూస్తె గీ మంచి కంట్ల గూడ నీళ్ళు గారుతున్నయ్ సార్" అంది.

భాయ్, రెండో కన్ను చెడుతుందని రాశానే. అది మొదలు. పున్నమి దాకా గడువు లేదని నేను ఎందుకు అరిచానో అర్థమైందా? నువ్వు తనిఖీ మానుకొని రా. ఇన్‌స్పెక్టరుకు రెండు కళ్ళూ ఉన్నాయి, ఆయనకేం తొందర లేదు.

ఇబ్రాహీం


కొండగట్టు,
ఫిబ్రవరి 1965

ఇబ్రాహీం భాయ్,

ఇది బస్సు దగ్గర నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకో. ఈ చీటీ తెచ్చినవాళ్ళను ఈసారి పోనివ్వకు.

నువ్వు చెప్పిందే నిజం. మొండయ్య అబద్ధమాడాడు. పదేళ్ళుగా తెలుసని నీతో వాదించానే, నా తెలివికి నాకే సిగ్గేసింది. గుట్టెక్కగానే ఆయన్ను పక్కకు పిలిచి అడిగాను. పత్తికట్టె అన్నాడు. ఏ చేనులో అన్నాను. చెప్పలేకపోయాడు. ఒకటికి నాలుగుసార్లు అడిగితే తల దించుకున్నాడే తప్ప నోరు విప్పలేదు. నాకు ఎన్నడూ రాని కోపం వచ్చింది. పిల్లకు రెండో కన్ను కూడా నీళ్ళు కారుతోంటే నీకింకా మాట దాచుకోవడమే ముఖ్యమైందా అని, నలుగురూ వింటుండగా అడిగేశాను.

మల్లక్క లేచి వచ్చింది. "బాపును ఏమనకుండ్రి సార్. నేను జెప్త" అంది. పత్తి మిల్లుకు పోయేటప్పుడు ఆమె బండిలో నాన్న వెనక కూర్చుంది. దారిలో నదుల పాఠం అప్పజెప్తోంది. గోదావరి ఎక్కడ పుట్టిందో చెప్పి, సరిగ్గా చెప్పానా బాపూ అని ముందుకు వంగింది. ఆయన అదే క్షణంలో ఎద్దు ఆగిందని భుజం మీది కర్ర ఎత్తాడు. అంతే. తిట్టినవాడు కాదు, కొట్టినవాడు కాదు. పాఠం వింటున్నవాడు.

"మరి పత్తికట్టె అని ఎందుకన్నవ్ బిడ్డా?" అని అడిగాను. "బాపు ఏడ్సుకుంట, ఎవ్వలకు చెప్పకు బిడ్డా అన్నడు. నేను ఒట్టువెట్టిన" అంది.

పోచవ్వకు ఇదంతా అప్పుడే తెలిసింది. కొడుకు కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఆమె చేతిలో చెంబు కింద పెట్టి కొడుకు ముందు నిలబడింది. "ఇనుము తగలొద్దు తగలొద్దని నేను దినాం మొత్తుకుంటున్న. ఇనుమే దిగిందిరా దాని కంట్ల. నువ్వు ఇనుకుంట కూసున్నవ్" అంది. చెయ్యి ఎత్తి కొట్టలేక తన నెత్తిమీదే కొట్టుకుంది. అయినా మొక్కు సంగతి ఎత్తితే తల అడ్డంగా ఊపింది. మొక్కింది మొక్కిందే, పున్నమి దాకా ఆగాలి అంది. భాయ్, అప్పుడు నాకు నీ అరుపు అర్థమైంది. నేనూ అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

అరిస్తే ఏమీ కాలేదు. అయింది పిల్లతో. ఆమె పూజారి దగ్గరికి నడిచి పోయింది. ఒక కన్నుకు గుడ్డ, రెండోది సగం మూసుకొని, గోడ పట్టుకొని. "పంతులూ, నేను గూడ మొక్కుకోవచ్చా?" అని అడిగింది. "ఎందుకు మొక్కుకోవద్దు?" అన్నాడాయన. ఆ పిల్ల అక్కడే నిలబడి, అందరికీ వినబడేలా, "సామీ, మా అవ్వ నీకు వెండి కండ్లు మొక్కింది. నేను నా కన్నే ఇస్తున్న. చెడ్డది నువ్వు దీస్కో, మంచిది నాకిడిసిపెట్టు. దవాఖానకు పోయి ఇయ్యాల్నే ఇస్త" అంది.

ఎవరి మొక్కు వాళ్ళదే అని నీతో అన్న పూజారి, పోచవ్వ వైపు చూశాడు. ఆమె పిల్ల దగ్గరికి పోయి కంటి గుడ్డ సరిచేసింది. తర్వాత మనవరాలి మొక్కుకు అడ్డం పడడం తన వల్ల కాదంది. మూట కట్టింది. వాళ్ళు బస్సెక్కారు. ఇక నీ చేతుల్లో ఉంది. ఈసారి రెండు నిమిషాలు కాదు, పక్కన కూర్చొని చెప్పు.

రామచంద్రం


కరీంనగర్,
మార్చి 1965

రామచంద్రం భాయ్,

కన్ను తీశాను. తీసేముందు మంచం మీద కూర్చొని అంతా చెప్పాను. పోచవ్వ మధ్యమధ్యలో ప్రశ్నలు వేసింది. తీసిన కన్ను ఏం చేస్తావని అడిగింది. మళ్ళీ తనే, "గుట్ట దిక్కు మొఖం బెట్టి పాతిపెట్టు. మొక్కు కదా" అంది. అట్లాగే చేయించాను. నవ్వుకో, కాని చేయించాను.

రెండో కన్ను గురించి ఏమీ రాయలేను. ఎర్రబడింది, లోపల వాపు ఉంది. హైదరాబాద్ నుంచి కొత్త ఇంజెక్షన్లు తెప్పించి ఇస్తున్నాను. ఒకరోజు నా చేతివేళ్ళు ఎన్నో చెప్తుంది, ఒకరోజు చెయ్యే కనపడదంటుంది. పుస్తకం ముందు పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంది. పరీక్ష ఈ ఏటికి లేదని నేనే చెప్పాను. ఏడవలేదు. "అయితె వచ్చే యాడాది సార్" అంది. మా అమ్మీ మహబూబ్‌బీ రోజూ వాళ్ళకు జొన్నరొట్టె పంపుతోంది. పోచవ్వ తురకలింటి రొట్టె తింటుందో లేదో అనుకున్నాను. తిని, ఉప్పు తక్కువైందని కబురు పంపింది.

మొండయ్య వార్డు మెట్ల మీదే ఉంటాడు. లోపలికి రమ్మంటే రాడు. కర్ర కొనకు మొల ఎందుకయ్యా, ఉత్త కర్రతో ఎడ్లు నడవవా అని అడిగాను. "అందరి కర్రలకుంటది సార్" అన్నాడు. ఎంత చక్కటి జవాబో చూడు. దీని మీద పై అధికారులకు ఒక దరఖాస్తు రాశాను. ముల్లుగర్రలకు మొలలు వద్దని, బండివాళ్ళకు దండోరా వేయించమని. జవాబు వచ్చింది. ముల్లుగర్ర ఎడ్లకు సంబంధించింది కనుక విషయం పశువైద్య శాఖకు పంపుతున్నారట. ఆ శాఖవారు రాశారు, ఎడ్లకు కంటిదెబ్బలు ఏవీ తమ దృష్టికి రాలేదని. నిజమే, ఎడ్లు ముందుంటాయి కదా.

ఆ కాగితం నా బల్ల మీదే ఉంది. దాన్ని చింపే కోపం కూడా నాకిప్పుడు రావడం లేదు. నువ్వు నన్ను శాంతంగా ఉండమని ఇన్నేళ్ళు చెప్పావు. ఇది శాంతం కాదు భాయ్. ఈ పిల్లకు చూపు నిలబడేదాకా నాతో వాదించకు.

ఇబ్రాహీం


ఇచ్చోడ,
డిసెంబర్ 1965

డాక్టరు సార్‌కు మల్లక్క నమస్కారం.

ఈ జాబు నేనే రాసిన. రామచంద్రం సార్ రాసిచ్చిండేమో అనుకుంటరు, కాదు. సార్‌కు చూపియ్యలేదు గూడ. సన్నక్షరాలు దీపం ముందట మసకగుంటయి గాని పొద్దుగాల మంచిగనే అగుపిస్తయి. మార్చిల పరీక్ష రాస్తున్న. సుక్కల మందు తప్పకుండ ఏసుకుంటున్న.

సార్, నాకు శాన కోపమొస్తుంది. ఎవ్వలకు చెప్పాల్నో తెలువక మీకు రాస్తున్న, మీకు కోపమంటె ఏందో తెలుసని రామచంద్రం సార్ అన్నడు.

నేను ఊరికొచ్చినంక అందరు వచ్చి చూసిండ్రు. ఏమైందంటె బాపు మళ్ళ పత్తికట్టె అనే చెప్పిండు. అవ్వ ఊకున్నది. గుట్ట మీద గంతమంది ముందట నిజం చెప్పినం గద, ఊళ్ళకొచ్చేసరికి మళ్ళ అబద్ధమే. నేను గూడ ఊకున్న సార్, బాపు మొఖం చూసి. బాపు తన కర్రకు మొల పీకేసిండు. ఉత్త కర్రతోనే తోలుతుండు, ఎడ్లు మంచిగనే పోతున్నయి. గని ఎందుకు పీకినవని అడిగినోళ్ళకు ఊడిపోయింది అంటుండు. అందుకే వేరేటోళ్ళు ఒక్కలు గూడ పీకలేదు.

మళ్ళ పత్తి కాలమొచ్చింది. ఇయ్యాల పొద్దుగాల మా వాడకట్టు గట్టయ్య కొడుకు కొమురెల్లి ఏడ్సుకుంట వచ్చిండు. తొమ్మిదేండ్లు వానికి. ఏమైందంటె గట్టయ్య పత్తికట్టె గుచ్చుకున్నదన్నడు. మా బాపు చెప్పిన మాటనే సార్, ఒక్క అక్షరం తేడ లేదు. మా ఇంట్ల అబద్ధం పక్కింటికి పోయింది. నేను వాని కన్ను చూసిన. నల్లగ నువ్వుగింజంత ఉన్నది. ఎల్లక్కను పిలువవోతుంటె నేను గుమ్మంల అడ్డం నిలవడ్డ. అది నలుసు గాదు, కంట్ల తెర, ముట్టద్దు అని చెప్పిన. ఎల్లక్క నన్ను చూసి, నా కన్ను లేని చోట చూసి, ఎనుకకు పోయింది.

ఎవ్వల్ని ముట్టనియ్యలేదు. ఉతికిన గుడ్డ ఒత్తకుండ కట్టిన. బాపునే తోలుకపొమ్మన్న. పోను అన్నడు. పోకపోతె గట్టయ్యకు నేను అంతా చెప్త అన్న. నిజానికి అప్పటికే చెప్పిన సార్. గట్టయ్య బాపు మొఖం దిక్కు చూసిండు, బాపు గట్టయ్య కర్ర దిక్కు చూసిండు. ఇద్దరు వాన్ని తీస్కొని బస్సుకు పోతుండ్రు.

ఈ జాబు వాళ్ళతోనే పంపుతున్న. చదువుడు ఎనుక, ముందుగాల వాని కన్ను సూడుండ్రి. ఏం గుచ్చుకున్నదని బాపునే అడుగుండ్రి, అందరు ఇనేటట్టు. ఈసారి గూడ పత్తికట్టె అన్నడంటె నాకు రాయుండ్రి.

కొండగట్టు కాడ బస్సు దిగద్దని చెప్పిన.

ఇట్లు
మల్లక్క, ఏడో తరగతి